మోకాలికీ తలకీ మధ్య

"ఇవాళ ఏ వారమో నాకు తెలియదనుకుని వచ్చావా?"

ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. తెనాలిలో ఒక ప్రైవేటు ఎముకల ఆసుపత్రి, పై అంతస్తులో వీధివైపు గది. మర్నాడు పొద్దున ఆవిడకి కుడి మోకాలు మార్చే ఆపరేషను. నేను కుర్చీ లాక్కుని, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, అందరినీ అడిగినట్టే వారం, తేదీ అడిగాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"మీకు తెలియదని కాదండీ. ఆపరేషనుకి ముందు అందరినీ అడిగే ప్రశ్నలే."

"అందరినీ అడిగేవి అందరినీ అడుక్కో. పిల్లల్ని ప్రశ్నలడిగి అడిగి రిటైరైనదాన్ని నేను. నన్ను నువ్వు అడిగేదేంటి?"

రేపల్లెలో ఒక హైస్కూలుకి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. కొడుకు కరెంటాఫీసులో ఉద్యోగి. కోడలు ఇంట్లో పిల్లలకి ట్యూషన్లు చెబుతుంది. లూథరన్ సంఘంలో ఆవిడ మాటకి ఎదురుండేది కాదు. ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు బైబిలు వాక్యం చదువుతూ ఒక అక్షరం తప్పినా ముందు వరుసలోంచి పైకే సరిదిద్దేదట. ఈ సంగతి కొడుకు నాకు గర్వంగానే చెప్పాడు. కోడలు పక్కన నిలబడి ఫ్లాస్కు మూత తుడుస్తోంది.

నా పని ఏమిటో ఇక్కడే చెప్పాలి. పెద్ద ఆపరేషను అయ్యాక వయసు మళ్ళినవాళ్ళలో కొందరికి తల తికమకపడుతుంది. సొంత మనుషుల్ని పోల్చుకోరు, లేనివి కనిపిస్తాయి, పగలు మగతగా పడి ఉండి చీకటిపడితే కేకలు వేస్తారు. మన ఇళ్ళల్లో దాన్ని సంధి అంటారు. చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం పైకి తగ్గినట్టే ఉంటుంది గాని, చెబుతున్న మాట మధ్యలో దారి తప్పడం, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరచిపోవడం నెలల తరబడి మిగిలిపోతాయి. అది ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది, ఎంత మిగులుతుంది అన్నది నా పరిశోధన. నేను డాక్టర్ని కాను. మనస్తత్వశాస్త్రం చదివాను. ఆపరేషనుకి ముందు ఒకసారి, తర్వాత ఆసుపత్రిలో రోజూ, ఆ తర్వాత ఇళ్ళకి వెళ్ళి, జ్ఞాపకం, ఏకాగ్రత పరీక్షించేదాన్ని.

ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు నన్ను లోపలికి రానిచ్చిన రోజునే ఒక షరతు పెట్టాడు.

"మోకాలి కోసం వచ్చినవాళ్ళ దగ్గర మెదడు మాటెత్తకమ్మా. భయపడి ఇంకో ఊరు పోతారు."

"చెప్పకుండా పరీక్ష చెయ్యకూడదు సార్. వాళ్ళు ఒప్పుకోవాలి కదా."

"జ్ఞాపకశక్తి పరీక్ష అని చెప్పు. అంతవరకే."

నేను అంతవరకే చెప్పి ఊరుకోలేదు. తల తికమకపడే సంగతి కూడా చెప్పేదాన్ని. కొందరు నిజంగానే భయపడేవాళ్ళు. ఒకాయన మంచం దిగి చొక్కా వేసుకుని పొన్నూరు బస్సెక్కేశాడు. అప్పట్నించి పెద్ద డాక్టరు నన్ను చూస్తే పలకరించడం మానేశాడు. నర్సులు నాకు కుర్చీ ఇవ్వడం మానేశారు. నేనూ తక్కువ తినలేదు. నా మొహం కూడా ఆ రోజుల్లో ఎప్పుడూ ముడుచుకునే ఉండేదని మా ఇంట్లోవాళ్ళు అంటారు.

హెడ్‌మిస్ట్రెస్ గారికి కూడా అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపేసింది.

"ఆపరేషనైతే మతి పోతుందంటావు. నాకా?"

"పోతుందని కాదండీ. కొందరికి కొన్నాళ్ళు తేడా రావచ్చు."

"ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు." సంతకం గీకి నా మీదికి విసిరినట్టుగా ఇచ్చింది. "ఇప్పుడు అడుగు. ఆపరేషనయ్యాక కూడా వచ్చి అడుగు. ఒక్క మాట తేడా వస్తే అప్పుడు మాట్లాడు."

కొన్ని మాటలు చదివి వినిపించి, కాసేపయ్యాక గుర్తున్నవి చెప్పమంటాం. ఆవిడ అన్నీ చెప్పింది. అడక్కుండానే వెనకనించి కూడా చెప్పింది. ఆ తర్వాత, "శంఖం అని పలుకు. ఏదీ? సంకం కాదు, శంఖం. ఈ నోటితోనా ఊళ్ళో అందరికీ పరీక్షలు పెడుతున్నావు?" అంది. గది బయట తుడుస్తున్న ఆయా నవ్వింది. మూడుంపావు చూపించే గడియారం గీయమంటే గీసి, కింద గీత కొట్టి, మార్కులు వేసే టీచరులా కాగితం నా వైపు తిప్పింది. అంకెలు వెనకనించి చెప్పడంలో నేనే ఒకచోట తడబడ్డాను.

బయటికి వచ్చేసరికి నా చెవులు కాలిపోతున్నాయి. ఆవిడ మీద నాకు గౌరవమేమీ కలగలేదు. ఈవిడ బడిలో చదువుకోనందుకు మాత్రం సంతోషించాను.

ఆపరేషను బాగానే జరిగింది. వెన్నులో సూదిమందు ఇచ్చి నడుము కింద తిమ్మిరెక్కించి, నిద్రకి ఇంకేదో మందు ఇచ్చారు. ఆ రోజు నేను వెళ్ళేసరికి ఆవిడ మగతగా ఉంది. పేరు, ఊరు సరిగానే చెప్పింది. మర్నాడు మధ్యాహ్నం మెట్లెక్కుతుంటేనే పైనుంచి కేకలు వినపడ్డాయి.

"బెంచీలెక్కండి! చిన్నవాళ్ళని పైకి అందించండి! తలుపు ముయ్యరేం, నీళ్ళొచ్చేస్తున్నాయి!"

గదిలోకి వెళ్ళాను. కళ్ళజోడు లేదు. జుట్టు విడిపోయి ఉంది. రెండు చేతులూ మంచం కమ్మీలకి బ్యాండేజీ గుడ్డతో కట్టేసి ఉన్నాయి. ఆవిడ కళ్ళు నేలమీదే ఉన్నాయి. లేని నీళ్ళు ఎంత పైకొచ్చాయో చూసుకుంటోంది. చిన్న వయసులో ఆవిడ సముద్రం దగ్గరి ఒక ఊరి బడిలో కొత్త టీచరుగా ఉన్నప్పుడు ఉప్పెన వచ్చిందనీ, పిల్లల్ని బెంచీలమీదా అటకమీదా నిలబెట్టి కాపాడిందనీ కొడుకు నాతో గొణిగినట్టు చెప్పాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

కోడలు గోడకి ఆనుకుని నిలబడింది. ఆవిడ చూపు ఆమె మీద పడింది.

"దీన్ని బయటికి పంపించు. నా మందులో ఏదో కలిపింది."

"అమ్మా, ఏంటమ్మా ఆ మాటలు!"

"నీకు తెలీదురా. ఇది ప్రభువు కోసం బాప్తిస్మం తీసుకోలేదు. నీ కోసం నెత్తిన నీళ్ళు పోయించుకుంది, అంతే. ప్రార్థనలో కళ్ళు మూసుకుని వాళ్ళ దేవుళ్ళనే తలుచుకుంటుంది. ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. నా కొంపలో దొంగ భక్తి."

కోడలిది కొలకలూరు. హిందూ రైతు కుటుంబం. ఈ పెళ్ళి చేసుకున్నందుకు పుట్టింటివాళ్ళు ఆమెతో రాకపోకలు మానుకున్నారు. అత్తగారి మాటలన్నీ కోడలు చివరిదాకా విన్నది. చేతిలో ఉన్న ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయింది.

నేను మంచం దగ్గరికి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "నేను కొన్ని అక్షరాలు చెబుతానండి. 'మ' వినపడినప్పుడల్లా నా చెయ్యి నొక్కండి." మొన్న నా ఉచ్చారణ దిద్దిన మనిషి రెండు అక్షరాల మీద కూడా మనసు నిలపలేకపోయింది. ఏ అక్షరం విన్నా నొక్కింది, 'మ' వచ్చినప్పుడు వదిలేసింది.

"చేతులెందుకు కట్టారు?" అని సిస్టర్ని అడిగాను.

"సెలైను పీకేస్తోందండి. సార్ కట్టమన్నారు."

"కళ్ళజోడేదీ?"

"పగలగొడుతుందని బ్యాగులో పెట్టించేశాం."

"కళ్ళు కనపడక, చేతులు కట్టేసి ఉంటే మీరైనా కేకలేస్తారు."

"నా మీద అరుస్తారేంటి? సార్‌తో చెప్పుకోండి."

చెప్పుకున్నాను. పెద్ద డాక్టరు వరండాలోనే దొరికాడు. చుట్టూ చూడ్డానికి వచ్చినవాళ్ళు, క్యారేజీలు, చీటీలు పట్టుకున్న బంధువులు. నేను గొంతు తగ్గించలేదు, ఆయనా తగ్గించలేదు.

"ముసలివాళ్ళకి ఇది మామూలేనమ్మా. ఆవిడకి ముందునించే ఉండి ఉంటుంది, ఇంట్లోవాళ్ళు గమనించి ఉండరు."

"ఆపరేషనుకి ముందురోజు నేనే పరీక్షించాను సార్. నాకన్నా బాగా చేసింది."

"మోకాలు వంగుతోందా లేదా? కుట్లు శుభ్రంగా ఉన్నాయా లేదా? నా పని అది. బుర్ర సంగతి నాకెందుకు? నువ్వు ముందురోజు వెళ్ళి మతి పోతుంది, మతి పోతుంది అని భయపెట్టావు. పోయింది."

పక్కనే కొడుకు నిలబడి విన్నాడు. ఆ చివరి మాట అతని మనసులో నాటుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆ క్షణం నించి అతనికి నేనే దోషిని.

"ఆవిణ్ణి నీ లెక్కలోంచి తీసెయ్. రేపట్నించి ఇటు రాకు," అని పెద్ద డాక్టరు వెళ్ళిపోయాడు. నా మార్గదర్శి అయిన ప్రొఫెసరు కూడా ఫోనులో అదే చెప్పాడు. ఒక్క మనిషి కోసం ఆసుపత్రితో గొడవెందుకు, వదిలెయ్యమన్నాడు. ఏ తేడా రానివాళ్ళని మాత్రం ఉంచుకుని, తేడా వచ్చినవాళ్ళని తీసేస్తే ఇక నేను రాసేదేమిటి? ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన ఫోను పెట్టేశాడు.

ఆవిడకి కొద్దిరోజుల్లో తెలివి తేటపడిందనీ, ఇంటికి వెళ్ళిందనీ విన్నాను. ఇంటికి వెళ్ళి పరీక్షించే సమయం వచ్చినప్పుడు తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటుతున్నంతసేపూ ఆ ఇంటి గుమ్మంలో ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. అవేవీ పనికిరాలేదు. గేటు దగ్గరే కొడుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మళ్ళీ ఎందుకొచ్చారు మేడం? మీరు అడగడం మొదలుపెట్టాకే మా అమ్మ ఇలా అయింది."

"ప్రశ్నలడిగితే అలా అవదండీ."

"మరి దేనివల్ల అయింది?"

"ఇదీ అని ఒక్కటి చెప్పలేం. వయసు, మందులు, నొప్పి, నిద్ర లేకపోవడం, ఆపరేషను వల్ల ఒంట్లో పుట్టే వాపు... అన్నీ కలిసి."

"అంటే మీకూ తెలీదు."

లోపలినించి ఆవిడ గొంతు వినపడింది. "ఎవర్రా అది? ఆ సంకం అమ్మాయా? రానీ."

ముందుగదిలో వాకర్ పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. మనిషి బాగా చిక్కిపోయింది, మాటలో కారం తగ్గలేదు. "చచ్చానో లేదో చూడ్డానికొచ్చావా?" అంది. నేను కాగితాలు తీశాను. కొత్త మాటలు చదివాను. కాసేపాగి అడిగితే కొన్నే వచ్చాయి. నేను చదవని మాట ఒకటి మధ్యలో చేర్చింది. అంకెలు వెనకనించి చెప్పబోయి రెండుసార్లు మొదటికి వచ్చింది. గడియారంలో ముళ్ళు సరిగానే పెట్టింది గాని చాలాసేపు పట్టింది. చివరికి పెన్సిలు తీసి గోడకేసి కొట్టింది.

"నీ ప్రశ్నలు తప్పు. ఒక వరసా పద్ధతీ లేకుండా మాటలు చదివితే ఎవరికి గుర్తుంటాయి?"

నేను పెన్సిలు ఏరి ఆవిడ చేతికిచ్చాను. అది ఆవిడకి ఇంకా కోపం తెప్పించింది.

"జాలిపడుతున్నావా? పడ్డావంటే గెంటేస్తాను. నా తప్పులు తప్పులుగానే రాసుకో. మొన్న ఆదివారం చర్చిలో ప్రార్థన చెయ్యమన్నారు. సగంలో ఆగిపోయాను. ఆ తర్వాత ఏం అడగాలో దేవుణ్ణి... మర్చిపోయాను. అందరూ కళ్ళు తెరిచి నన్నే చూశారు. అది కూడా రాసుకో."

రాసుకున్నాను.

వెళ్ళేటప్పుడు వరండాలో కోడలు ట్యూషను పిల్లల పలకలు సర్దుతోంది. వరండాకి ఒక చివర కొత్త గ్యాసుపొయ్యి, నాలుగు గిన్నెలు కనిపించాయి. అత్తగారి వంట అత్తగారిదీ, తన వంట తనదీ అని చూడగానే తెలిసింది. నేను చెప్పాల్సిన మాట చెప్పాను. సంధిలో అన్న మాటలు మనిషి అన్నట్టు కాదనీ, అవి పట్టించుకోకూడదనీ.

ఆమె పలకలు కింద పెట్టింది. "మెదడు పనిచెయ్యనప్పుడు అన్నారు కాబట్టి నిజం కాదంటారు. మరి ఆ మాటలు ఎక్కణ్ణించి వచ్చాయండీ? ఉప్పెన నిజంగా జరిగిందే కదా. బెంచీలు, పిల్లలు నిజమే కదా. అది నిజమై, నన్నన్నది మాత్రం అబద్ధమెలా అవుతుంది?"

"తెలీదమ్మా," అన్నాను.

"తెలీనప్పుడు రావడం దేనికి?"

ఆ తర్వాత నేను తెనాలి ఆసుపత్రి వదిలి బాపట్లలో ఒక చిన్న ఆసుపత్రికి నా పని మార్చుకున్నాను. రోజూ తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగడం, సాయంత్రం తిరిగి రావడం. అక్కడి మత్తు డాక్టరు ఒకావిడ. నాకంటే చిన్నది, నాకంటే చిటపటలాడేది. "నువ్వు రాసుకోవడం మాత్రమే కాదు, రోగికి పనికొచ్చేది ఒకటన్నా చెప్పు" అని మొదటిరోజే నిలదీసింది. ఇద్దరం పోట్లాడుకుంటూనే కొన్ని మార్పులు చేయించాం. తెలివి రాగానే కళ్ళజోడు, చెవి మిషను ఇచ్చెయ్యడం, పగలు కిటికీ తెరిచి ఉంచడం, చేతులు కట్టకపోవడం, నిద్రమందు వీలైనంత తగ్గించడం. ముందురోజే ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి రాబోయేది చెప్పడం. చెప్పినందుకు అక్కడా కొందరు తిట్టారు.

ఒకసారి బాపట్లలో డాక్టర్ల సమావేశంలో నన్ను మాట్లాడమన్నారు. పేరు, ఊరు లేకుండా రేపల్లె ఆవిడ సంగతి చెప్పాను. వెనక వరుసలోంచి తెనాలి పెద్ద డాక్టరు లేచాడు. ఆయన వస్తాడని నాకు తెలియదు.

"ఈవిడ డాక్టరు కాదు. కత్తి ఎప్పుడూ పట్టుకోలేదు. ఇలాంటివాళ్ళ మాటలు విని మోకాళ్ళ నొప్పులతో కుళ్ళిపోతూ ఇంట్లో పడి ఉండేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసా?"

"ఆపరేషను వద్దని నేనెప్పుడూ అనలేదు సార్."

"అనక్కర్లేదు. భయం నువ్వు పెడతావు, బాధ వాళ్ళు పడతారు."

ఆయనన్నదాంట్లో కొంత నిజముంది. పొన్నూరు బస్సెక్కి పోయినాయన గుర్తొచ్చాడు. ఆయన ఇప్పుడు నడుస్తున్నాడో, మంచంలోనే ఉన్నాడో నాకు తెలియదు. ఆ నిజం ఆ మనిషి నోటినించి రావడం మాత్రం నేను భరించలేకపోయాను. భోజనానికి ఉండకుండా వచ్చేశాను.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం రేపల్లె ఆవిడే ఫోను చేసింది.

"ఎడమ మోకాలు కూడా పోయింది. చేయించుకుంటాను. ఆ తెనాలాయన దగ్గర కాదు. నువ్వెక్కడ తిరుగుతున్నావిప్పుడు?"

"బాపట్లలోనండి."

"అక్కడ చేతులు కడతారా?"

"కట్టరండి."

"అయితే అక్కడే."

మొదటిసారి అంత జరిగాక మళ్ళీ రావచ్చని, ఈసారి ఇంకా ఎక్కువ కూడా కావచ్చని చెప్పాను. "కాళ్ళు లేని బుర్ర కన్నా కాస్త తక్కువ బుర్రతో నడవడం నయం. నా లెక్క నాది," అంది.

ఆపరేషనుకి ముందురోజు బాపట్లలో ఆవిణ్ణి పరీక్షించాను. రేపల్లెలో చేసినదానికంటే బాగా చేసింది. తెనాలిలో చేసినంత చెయ్యలేదు. అంతా అయ్యాక కొడుకుని మందులు తెమ్మని పంపేసి నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"రేపు నాకు మళ్ళీ పిచ్చెక్కితే ఇంట్లోవాళ్ళెవరూ గదిలో ఉండకూడదు. వాణ్ణి కూడా కింద కూచోబెట్టు. ఆ పిల్లని అసలు రానివ్వకు."

"అప్పుడు తెలిసిన మనిషి పక్కనుండడమే మంచిదండీ."

"నువ్వుండు. నువ్వు నాకేమీ కావు. నిన్నేమన్నా నాకు నష్టం లేదు."

నేను అడిగాను. "తెనాలిలో అన్నవి మీకు గుర్తున్నాయా?"

"అన్నీ గుర్తున్నాయి. నీళ్ళూ గుర్తున్నాయి, దాని మొహమూ గుర్తుంది."

"అవి మీ మనసులో..."

"అది నీ పరీక్షలో ఉన్న ప్రశ్నా?"

"కాదండీ."

"అయితే అడక్కు."

ఈసారి ఆపరేషనయ్యాక తెలివి రాగానే కళ్ళజోడు పెట్టాం. మర్నాడు మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. ఆ తర్వాత మాటలు ముద్దగా అయ్యాయి. కిటికీలోంచి ఎవరో లోపలికి వస్తున్నారంది. తెనాలిలో వచ్చినంత కాదు. కాని నన్ను చూసి గుర్తుపట్టింది, అదే నా ఖర్మ.

"గద్దలాగ వచ్చి వాలావు. ముసలాళ్ళు ఎక్కడ పడతారా అని ఆసుపత్రి చుట్టూ తిరుగుతావు. మా తప్పులు ఏరుకుని పోయి నీ పేరు పక్కన అక్షరాలు పెట్టించుకుంటావు. నా కోడలు కనీసం అన్నం పెట్టింది. నువ్వేం పెట్టావు?"

సాయంత్రం దాకా అదే పాట. మధ్యలో నిద్రపోయేది, లేచి మళ్ళీ గద్ద దగ్గర మొదలుపెట్టేది. ఇది జబ్బు అని నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇది బాపట్లండీ. ఆపరేషనైంది. ఇవాళ గురువారం," అని మెల్లగా చెబుతూనే, లోపల ప్రతి మాటకీ జవాబు కట్టుకున్నాను. ఒకసారి ఉండబట్టలేక వరండాలోకి వచ్చి నిలబడ్డాను. అప్పుడే కోడలు ఫోను చేసింది. నా నంబరు ఎవరిచ్చారో తెలియదు.

"ఎలా ఉన్నారు?"

"కాస్త తికమకగా ఉందండి. తగ్గుతుంది."

"నన్నేమన్నా అంటున్నారా?"

"లేదు. నన్నంటున్నారు."

"ఏమని?"

చెప్పాను, గద్దతో సహా. ఆమె నవ్వింది. ఆ నవ్వులో జాలి లేదు. "మీరు ఊరుకున్నారా?" అంది.

"ఊరుకున్నాను."

"నిజం చెప్పండి."

"పైకి ఊరుకున్నాను."

మర్నాడు పొద్దున ఆమె రేపల్లెనుంచి వచ్చింది. చేతిలో క్యారేజీ ఉంది. అప్పటికి ఆవిడ తేటపడింది, మంచం మీద కూర్చుని సిస్టరు రాసిన చార్టులో తన పేరులో అక్షరదోషం చూపిస్తోంది. కోడల్ని చూసి చార్టు సిస్టరు చేతికిచ్చేసింది. కోడలు ఇడ్లీలు పళ్ళెంలో పెట్టి, బల్ల దగ్గరికి జరిపి, వెళ్ళి దూరంగా స్టూలు మీద కూర్చుంది. ఆవిడ తిన్నది. తిన్నంతసేపూ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. పళ్ళెం తీసుకోవడానికి కోడలు వచ్చినప్పుడు ఆవిడ, "ఉప్పు ఎక్కువైంది," అంది. "అవునండి, ఎక్కువే," అని కోడలు పళ్ళెం కడగడానికి వెళ్ళిపోయింది.

నేను ఆ రోజు పరీక్షలో భాగంగా అడిగాను. "నిన్న నాతో ఏమన్నారో గుర్తుందా?"

"ఉంది. క్షమాపణ చెప్పాలా?"

"అక్కర్లేదండి."

"చెప్పమన్నా చెప్పేదాన్ని కాదు."

చివరి పరీక్షకి రేపల్లె వెళ్ళినప్పుడు ఆవిడ రెండు కాళ్ళ మీదా నడుస్తూ గేటు తీసింది, కర్ర కూడా లేకుండా. చర్చికి వెళుతోందట. ప్రార్థన మాత్రం ముందే కాగితం మీద రాసుకుని చదువుతోందట. ఆ మాట చెబుతున్నప్పుడు నా వైపు చూడలేదు. మాటలు గుర్తుపెట్టుకునే పరీక్షలో తెనాలి మొదటిరోజు కన్నా తక్కువే వచ్చాయి.

"తగ్గింది కదా?"

"కొంచెం తగ్గిందండి."

"నాకు తెలుసు. నువ్వు చెప్పాలా?" అంది, నేను చెప్పాలని తనే అడిగి.

వరండాలో రెండో పొయ్యి అలాగే ఉంది. కోడలు నాకు కాఫీ ఇచ్చింది. గ్లాసు ఖాళీ చేసేదాకా పక్కనే నిలబడి, గేటు దాకా వచ్చింది.

"ఇంక మీరు రావద్దు మేడం. మీరొచ్చినప్పుడల్లా ఆవిడ అవన్నీ తవ్వుకుంటారు. నేనూ తవ్వుకుంటాను. ఆయన ఎవరి వైపు కూచోవాలో తెలియక బయట తిరుగుతారు."

"ఇదే ఆఖరుసారండీ. ఇంక పరీక్షలు లేవు."

"మంచిది," అని ఆమె గొళ్ళెం పెట్టింది. లోపలినించి ఆవిడ గట్టిగా ఎవరినో అదిలిస్తోంది. ట్యూషను పిల్లల్లో ఒకరు ఏదో పద్యం తప్పు చదివినట్టున్నారు. కోడలు వెనక్కి తిరిగి, "వాళ్ళు నా దగ్గర చదువుకోవడానికి వచ్చారండీ అత్తయ్యగారూ," అని అంతకన్నా గట్టిగా కేకేసింది. నేను స్టేషను వైపు నడిచాను.